ఎగరాలా, నిలబడాలా? పాత విమానాలూ, చాలీచాలని డబ్బులూ

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, రిటైరైన ఉద్యోగుల ముందు ఒక విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. పాత ప్రయాణికుల విమానాల్ని వాలంటీర్లు ఎలా బాగుచేస్తారో చెప్పండి, మా పిల్లలకి ఉత్సాహం వస్తుంది అని నన్ను పిలిచారు. ఉత్సాహం సంగతి నాకు తెలియదుగానీ ఖర్చు సంగతి బాగా తెలుసు. అక్కడే మొదలుపెడతాను.

2007 డిసెంబరులో జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా వాళ్లు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, ఆబర్న్ అనే చిన్న ఊళ్లో, వేలంలో మూడు పాత విమానాలు కొన్నారు. లాక్‌హీడ్ స్టార్‌లైనర్లు. జెట్లు రాకముందు సముద్రాలు దాటించిన నాలుగు ఇంజిన్ల విమానాలవి. ఒకప్పుడు లుఫ్తాన్సా కూడా వాటిని నడిపింది. మూడింట్లో ఒకటి ఎగరాలి, మిగతా రెండూ దానికి స్పేర్ పార్టులు, ఇదీ ప్లాను. పదేళ్లు పనిచేశారు. 2018 మార్చిలో ఆపేశారు. అప్పటికి ఖర్చు 15 కోట్ల యూరోల దాకా వెళ్లిందని అక్కడి పత్రికలు రాశాయి. అప్పటి మారకంలో మన డబ్బుల్లో 1,200 కోట్ల రూపాయలు. ఆ విమానం ఒక్కసారి కూడా నేల వదల్లేదు. విప్పి, ఓడెక్కించి, జర్మనీ తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆస్ట్రేలియాలో సిడ్నీ కేంద్రంగా 1979లో కొందరు విమానాల పిచ్చోళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. హిస్టారికల్ ఎయిర్‌క్రాఫ్ట్ రిస్టొరేషన్ సొసైటీ. అందరూ హార్స్ అంటారు. వీళ్లకి కావలసింది కూడా అదే కుటుంబంలోని విమానం, సూపర్ కాన్‌స్టెలేషన్. అమెరికాలో అరిజోనా ఎడారిలో, టూసాన్ దగ్గర డేవిస్-మాంథన్ వైమానిక స్థావరంలో, 1977లో రిటైరైన ఒక విమానం పడి ఉంది. 1955లో అమెరికా వాయుసేన కోసం తయారైనది. వీళ్లు ఆస్ట్రేలియా నుంచి జట్లు జట్లుగా, సెలవులు పెట్టుకుని వెళ్లి, ఆ ఎండలో కూర్చుని పనిచేశారు. 1994లో అది మళ్లీ గాల్లోకి లేచింది. 1996 ఫిబ్రవరి మొదట్లో పసిఫిక్ మహాసముద్రం దాటి సిడ్నీలో దిగింది. ఇప్పటికీ దాని ఇల్లు సిడ్నీకి దక్షిణాన షెల్‌హార్బర్ విమానాశ్రయంలో ఉంది.

ఒకళ్ల చేతిలో 1,200 కోట్లు. ఇంకొకళ్ల చేతిలో చందాలు, సెలవులు, ఎవరైనా దానమిస్తే దానం. డబ్బున్నవాళ్లది లేవలేదు, లేనివాళ్లది సముద్రం దాటింది. ఇది విని "డబ్బు ముఖ్యం కాదు, మనసుంటే చాలు" అనుకుని ఇంటికెళ్లిపోకండి. అది తప్పు లెక్క. (నవ్వులు)

రెండు పనులూ ఒకటి కావు. జర్మనీ వాళ్లు దాంట్లో ప్రయాణికుల్ని ఎక్కించాలనుకున్నారు. ఈనాటి నిబంధనల ప్రకారం, ఈనాటి పరికరాలతో, ఈనాటి సర్టిఫికెట్‌తో. అంటే పాత విమానం ఆకారంలో కొత్త విమానం తయారుచేయడమన్నమాట. పైగా వాళ్లు ఎగిరించాలనుకున్నది మెయిన్ రాష్ట్రంలో వానా మంచూ తిని ఉన్న విమానం. ఆస్ట్రేలియా వాళ్లది ఎడారిలో ఎండిన విమానం. దాన్ని రోజువారీ సర్వీసుకి పెట్టాలని వాళ్లు అనుకోలేదు. వైమానిక ప్రదర్శనల్లో ఎగిరితే చాలనుకున్నారు. ఏం కావాలో ముందే తేల్చుకున్నారు, దానికి సరిపోయే విమానాన్ని వెతుక్కున్నారు. నేను ఇవాళ చెప్పేదల్లా దీని గురించే. డబ్బు తక్కువున్నవాడు స్పానర్ పట్టుకునే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి: ఇది ఎగరాలా, నిలబడాలా? "ముందు పని మొదలుపెడదాం, తర్వాత చూద్దాం" అన్న సంఘాలు మధ్యలో మునిగిపోతాయి.

కాన్‌స్టెలేషన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇది మనకి పరాయిది కాదు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ మొదటిసారి బొంబాయి నుంచి లండన్ వెళ్లింది దీంట్లోనే. ఆ విమానం పేరు మలబార్ ప్రిన్సెస్. కైరో, జెనీవా మీదుగా వెళ్లింది. తర్వాత వచ్చిన సూపర్ కాన్‌స్టెలేషన్లు ఎయిర్ ఇండియాలో పని ముగించుకుని వాయుసేనకి వెళ్లాయి, అక్కణ్ణుంచి నౌకాదళానికి వెళ్లాయి. 1980ల మొదట్లో దాకా గోవా నుంచి సముద్రం మీద గస్తీ తిరిగాయి. మీలో గోవా వెళ్లినవాళ్లు బోగ్మాలో దగ్గర నౌకాదళ విమానాల మ్యూజియం చూసే ఉంటారు. అక్కడ ఆరుబయట మూడు తోకలతో పొడుగ్గా నిలబడి ఉంటుంది, తోక మీద మూడు నిలువు రెక్కలు. దాని నంబరు ఐఎన్ 315. ఫోటోలు దిగి వచ్చేసి ఉంటారు. ఈసారి వెళ్తే కిందకి వంగి పొట్ట చూడండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఎగిరే విమానానికీ నిలబడే విమానానికీ ఖర్చులో తేడా ఎక్కడొస్తుందో మీకు దగ్గర్నుంచి చూపిస్తాను. మొదట ఇంజిను.

సూపర్ కాన్‌స్టెలేషన్‌కి నాలుగు రైట్ ఆర్-3350 ఇంజిన్లు. ఒక్కోదానికి 18 సిలిండర్లు, చక్రంలా గుండ్రంగా, తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు. నాలుగు ఇంజిన్లకి 72 సిలిండర్లు. సిలిండరుకి రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం 144. ఒక ప్లగ్గు సరిగా లేకపోతే ఏది సరిగా లేదో వెతకాలి. సిలిండర్లలో సగం ఇంజిను కడుపు కిందివైపు వేలాడుతుంటాయి కదా, ఇంజిను ఆగిన తర్వాత నూనె మెల్లగా కారి వాటిల్లో చేరుతుంది. నూనె గాలిలాగా నలగదు. నూనె నిండిన సిలిండర్ మీదకి పిస్టన్ని బలంగా తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వంగిన సంగతి ఆ రోజు తెలియదు. ఇంకో పదిసార్లు ఎగిరాక, గాల్లో, విరిగినప్పుడు తెలుస్తుంది. అందుకని స్టార్ట్ చేసేముందు ఇగ్నిషన్ ఆపి ఉంచి, ప్రొపెల్లర్‌ని నిదానంగా తిప్పుతూ బ్లేడ్లు లెక్కపెడతారు. నేను ట్రైనీగా చేరిన రోజుల్లో డకోటాలు, అంటే రెండు ఇంజిన్ల పాత విమానాలు, ఇంకా మిగిలి ఉండేవి. వాటి బ్లేడ్లని మేం చేతుల్తోనే తిప్పేవాళ్లం. ఎక్కడైనా బ్లేడు మొరాయించి గట్టిగా తగిలితే, ఇంకో నలుగుర్ని పిలిచి బలంగా తోయకూడదు. ఆగి, కింద సిలిండర్ ప్లగ్గు విప్పి, నూనె కార్చేయాలి. సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఎవడైనా భుజం ఆనించి తోస్తున్నట్టు కనపడితే హ్యాంగర్ ఆ చివర్నుంచి కేకేసేవాడు. తిట్టు ఇక్కడ చెప్పను, ఆడపిల్లలున్నారు. (నవ్వులు)

ఆ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వేడిని వాడుకుని ఇంకాస్త శక్తి పిండే టర్బైన్లు కూడా ఉంటాయి, ఇంజినుకి మూడు. పవర్ రికవరీ టర్బైన్ అని పేరు. అవి ముక్కలై బయటికొచ్చేవి కాబట్టి మెకానిక్కులు దాన్ని పార్ట్స్ రికవరీ టర్బైన్ అని పిలిచేవాళ్లు. అంటే విమానం వెనకాల వెళ్లి ముక్కలు ఏరుకోవడం అన్నమాట. ఇంకో ఇబ్బంది పెట్రోలు. ఈ ఇంజిన్లు పూర్తి బలం చూపించేది 115/145 అనే చాలా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుతో. అది మార్కెట్లోంచి పోయింది. ఇప్పుడు దొరికే 100 ఆక్టేన్‌తో నడపాలంటే బలం తగ్గించి నడపాలి. తక్కువ బరువుతో, జాగ్రత్తగా. నడవదని కాదు, నడిపేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

అదే విమానం నిలబడి ఉండాలనుకోండి. ఇంజిన్లోకి నీళ్లు పోకుండా మూతలు వేసి, కావాలంటే లోపల బరువైనవన్నీ తీసేసి, పైన కౌలింగ్, అంటే ఇంజిను మీది రేకు కప్పు, బిగించేస్తే సరి. పిల్లలు చూసి చప్పట్లు కొడతారు. 144 ప్లగ్గుల గోల లేదు.

రెండోది కాగితం. ఇది బయటివాళ్లకి అస్సలు తెలియదు. ఎగిరే విమానంలో ఏ పార్టు వేసినా దానికి పుట్టుక కాగితం ఉండాలి. ఎక్కడ తయారైంది, ఎన్ని గంటలు ఎగిరింది, ఎవరు ఓవర్‌హాల్ చేశారు. కళ్లముందు మెరిసిపోతున్న హైడ్రాలిక్ పంపు ఉన్నా కాగితం లేకపోతే అది తుక్కు కిందే లెక్క. అలాగే పదిమంది వాలంటీర్లు పనిచేస్తారు, సంతకం మాత్రం లైసెన్సున్న ఒక్కడిది. ఆ సంతకం పెట్టేవాడు ప్రతి రివెట్ దగ్గరా నిలబడలేడు. కాబట్టి వాలంటీర్లని వాడు నమ్మాలి, అంతగా నమ్మాలంటే ముందు వాళ్లకి నేర్పాలి. వాలంటీర్ ఊరికే పనిచేస్తాడు అంటారు. నేనొప్పుకోను. వాడికి పనిముట్లు కావాలి, ఇన్సూరెన్స్ కావాలి, నేర్పేవాడి టైం కావాలి, మధ్యాహ్నం భోజనం కావాలి. ఆదివారం పూట ఇంట్లో చెప్పుకోవడానికి ఒక సాకు కూడా కావాలి. (నవ్వులు) నిలబడే విమానమైతే ఈ కాగితాల బాధ చాలావరకు పోతుంది. పక్క దేశంలో పాత సామాన్ల షాపులో దొరికిన సీటు తెచ్చి వేసుకోవచ్చు.

వెనక ఒకాయన చెయ్యెత్తారు. గట్టిగా చెప్పండి... "రేకు పనైతే ఎవరైనా చేయొచ్చు కదా" అంటున్నారు. మంచి ప్రశ్నే. నేను దానికే వస్తున్నాను.

విమానం రేకుని కలిపేది రివెట్లు. బలం ఎక్కువ పడే చోట వాడే రివెట్లు 2024 అనే అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు. మామూలుగా అవి కొట్టడానికి వీల్లేనంత గట్టిగా ఉంటాయి, కొడితే రివెట్ తల పగులుతుంది. అందుకని కొలిమిలో వేడిచేసి, నీళ్లలో ముంచుతారు. అప్పుడు మెత్తబడతాయి. కానీ బయట ఉంచితే మళ్లీ గట్టిపడటం మొదలవుతుంది. దాన్ని ఆపడానికి ఫ్రీజర్‌లో పెడతారు. ఫ్రీజర్‌లోంచి తీసిన పావుగంట, ఇరవై నిమిషాల్లో కొట్టేయాలి. కాబట్టి హ్యాంగర్లో ఐస్‌బాక్స్ ఉంటుంది, దాంట్లో చిన్న చిన్న డబ్బాల్లో రివెట్లు. ఒకతను గుప్పెడు తీసుకుని పరుగున వస్తాడు. బయట ఒకడు రివెట్లు కొట్టే గన్ పట్టుకుంటాడు. రెక్క లోపల ఇంకొకడు ఇనప దిమ్మె అడ్డం పెట్టి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంటాడు. ఇద్దరికీ ఒకళ్లకొకళ్లు కనపడరు. తట్టి చెప్పుకోవాలి: ఒకసారి తడితే మళ్లీ కొట్టు, రెండుసార్లు తడితే బాగుంది, మూడుసార్లు తడితే ఇది పోయింది, తీసేయ్. ఆ గుర్తులు హ్యాంగర్‌కొక రకంగా మారతాయి, పద్ధతి మాత్రం ఇదే. సన్నగా ఉన్నవాణ్ణి లోపలికి పంపుతారు. అలా నేనూ వెళ్లేవాణ్ణి, ఇప్పుడు చూస్తే నమ్మరు. (నవ్వులు)

ఇప్పుడు చెప్పండి, ఎవరైనా చేయొచ్చా? చేయొచ్చు. నేర్చుకుంటే. నేర్చుకున్నవాడు మాత్రం ఉంటాడన్న గ్యారంటీ లేదు. ఆదివారం వచ్చేవాడికి పెళ్లవుతుంది, ఊరు మారతాడు. ముసలాయన పోతాడు. ఆర్-3350 శబ్దం విని ఏ సిలిండర్ దగ్గుతోందో చెప్పగలిగిన మనుషులు ప్రపంచంలో రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఎగిరే పాత విమానానికి పెట్రోలు ఖర్చు కన్నా నాకు టెన్షన్ ఇదే.

ఇంజిను చెప్పాను, కాగితం చెప్పాను, మూడోది తుప్పు. ఇనుముకి ఎర్రగా వస్తుంది, అందరికీ కనపడుతుంది. అల్యూమినియంకి తెల్లటి పొడిలా వస్తుంది, లేదా రంగు కింద బుడగల్లా లేస్తుంది. కొన్నిసార్లు రేకు పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పైకి చిన్న బుడగ, గీరితే లోపల అరచేయంత. రెక్కలో బరువు మోసే పెద్ద దూలం ఉంటుంది, స్పార్ అంటాం. తుప్పు అక్కడ మొదలైందంటే ఇక ఖర్చు తడిసి మోపెడవుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక సంఘం సూపర్ కాన్‌స్టెలేషన్ని ఎగిరించింది. 2004లో అమెరికా నుంచి తెచ్చుకున్నారు. వెనక పెద్ద గడియారాల కంపెనీ స్పాన్సర్‌షిప్ కూడా ఉంది. కొన్నేళ్లు యూరప్ అంతా తిరిగింది. తర్వాత తుప్పు బయటపడింది, బాగుచేయడానికి అయ్యే ఖర్చు సంఘం తాహతుకి మించిపోయింది, 2019లో సంఘమే మూతపడింది. వాళ్లు సోమరులు కారు, చేతకానివాళ్లూ కారు.

ఎగరడంలో ఇంకో బాధ్యత ఉంది. దాని గురించి తేలిగ్గా మాట్లాడటం నాకిష్టం ఉండదు. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లోనే 1939 నాటి యుంకర్స్ 52 ప్రయాణికుల విమానం కొండల్లో కూలి 20 మంది చనిపోయారు. పైలట్లు కొండల మధ్య ప్రమాదకరంగా నడపడమే కారణమని దర్యాప్తులో తేలింది. అయితే శిథిలాలు పరీక్షిస్తే తుప్పు, మెయింటెనెన్స్ లోపాలు కూడా దొరికాయి. అవి ఆ రోజు ప్రమాదానికి కారణం కాకపోవచ్చు. కానీ అవి ఉన్నాయి కదా. మెయింటెనెన్స్ వాడిగా ఆ రిపోర్టులో నాకు గుచ్చుకున్న భాగం అదే.

దీనికి ముందు సంగతి ఒకటి, అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు. బోయింగ్ 307 స్ట్రాటోలైనర్ అని ఉండేది. ఎత్తులో ఊపిరాడేలా లోపల గాలి ఒత్తిడి పెంచిన మొదటి ప్రయాణికుల విమానం, 1940లో సర్వీసులోకి వచ్చింది. చేసింది పదే. మిగిలిన ఒకే ఒక్క పూర్తి విమానం స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లది. 1994లో దాన్ని సియాటిల్ తీసుకెళ్లి, బోయింగ్‌లో పనిచేసినవాళ్లు, పనిచేస్తున్నవాళ్లు, వాలంటీర్లుగా ఏళ్ల తరబడి బాగుచేశారు. 2001 జులైలో ఎగిరింది. 2002 మార్చి 28న సియాటిల్ ముందున్న ఇలియట్ బే అనే సముద్రపు అఖాతంలో దిగింది. ఇంధనం అయిపోయింది! లోపలున్న నలుగురూ క్షేమం. ట్యాంకుల్లో ఎంత ఉందో బయల్దేరేముందు సరిగ్గా చూసుకోలేదని, ఇంధనం సంగతి సిబ్బంది ఒకరితో ఒకరు సరిగ్గా చెప్పుకోలేదని దర్యాప్తు సంస్థ రాసింది. ఏళ్ల పని, ఉప్పునీళ్లలో. పైకి తీసి, మళ్లీ బాగుచేశారు. ఆ ఓపికకి దండం పెట్టాలి. 2003 ఆగస్టులో వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వార్-హాజీ మ్యూజియానికి ఎగిరి వెళ్లింది. అంతే, ఇక ఎగరదు. మీలో చాలామందికి పిల్లలు వర్జీనియాలో ఆ చుట్టుపక్కలే ఉంటారు. అమెరికా వెళ్లినప్పుడు మాల్‌కి తీసుకెళ్తామంటే వద్దని, అక్కడికి తీసుకెళ్లమనండి. వెండిలా మెరుస్తూ ఉంటుంది. నీళ్లలో మునిగిందంటే నమ్మలేరు.

నిలబడే విమానమంటే తక్కువ పని అనుకునేవాళ్లకి ఒక ఉదాహరణ. ఫిలిప్పీన్స్‌లో మనీలా విమానాశ్రయంలో ఒక మూల ఇంకో సూపర్ కాన్‌స్టెలేషన్ పాతికేళ్లకి పైగా పడి ఉంది. వానలకి చక్రాలు బురదలో కూరుకుపోయాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ లోపల, సముద్రానికి చాలా దూరంగా లాంగ్‌రీచ్ అనే ఊరుంది. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ చరిత్ర చూపించే క్వాంటాస్ ఫౌండర్స్ మ్యూజియం అక్కడే. వాళ్లు 2014లో వేలంలో ఈ విమానాన్ని కొన్నారు. ఎగిరించే ఆలోచనే పెట్టుకోలేదు. బురద తవ్వి, చక్రాలు పైకి తీసి, రెక్కలూ తోకలూ విప్పి, 2017లో ఓడలో టౌన్స్‌విల్ రేవుకి తెచ్చి, అక్కణ్ణుంచి లారీల మీద ఎడారి రోడ్ల వెంట లాంగ్‌రీచ్ తీసుకెళ్లారు. మళ్లీ బిగించి, క్వాంటాస్ పాత రంగులు వేశారు. పొడి ఊరు, పైన కప్పు. ఆ విమానం ఇంకో వందేళ్లుంటుందని నేను పందెం కడతాను, నేనుండను కాబట్టి ధైర్యంగా. (నవ్వులు)

అదే మ్యూజియం అంతకుముందు క్వాంటాస్ మొట్టమొదటి బోయింగ్ 707ని ఎగిరించే తెచ్చింది. ఇంగ్లండ్‌లో సౌతెండ్‌లో పాడుపడి ఉంటే, రిటైరైన క్వాంటాస్ ఇంజనీర్లు వెళ్లి పనిచేశారు. ప్రభుత్వం పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చింది. 2006 డిసెంబరులో సిడ్నీ వచ్చింది, తర్వాతి ఏడాది లాంగ్‌రీచ్‌లో దిగింది, ఇక ఎగరలేదు. ఒక్క ప్రయాణానికి సరిపడా బాగుచేయడం, ఆ ఒక్క ప్రయాణం ముగిశాక నిలబెట్టడం. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. హార్స్ వాళ్లు కూడా అంతే. కాన్‌స్టెలేషన్ని ఎగిరిస్తూనే, 2015 మార్చిలో క్వాంటాస్ 747 ఒకటి దానమిస్తే తీసుకున్నారు. సిడ్నీ నుంచి వాళ్ల చిన్న రన్‌వే మీదకి పావుగంట ప్రయాణం. దిగింది, నిలబడింది. దాన్ని ఎగిరిద్దామని ఎవరూ అనలేదు. అది 1989లో లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా వచ్చి రికార్డు సృష్టించిన విమానం. అయినా సరే. ఏది ఎగరాలో, ఏది నిలబడాలో తెలిసినవాళ్లు కాబట్టే వాళ్ల దుకాణం ఇంకా నడుస్తోంది.

సరే, మన సంగతి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మనకీ పాత విమానాల గొడవెందుకు అని ఇక్కడ కూడా ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. మన బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది కదా. 2017 ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి ఇక్కడి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకి ఎగిరి వచ్చింది. అక్కడ విప్పి, ముక్కలుగా బీచ్‌కి తెచ్చి, మళ్లీ బిగించారు. డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. అది యుద్ధ విమానం, ప్రయాణికులది కాదు. అయినా చదువుకునేవాళ్లకి కావలసిన పాఠమంతా దాంట్లో ఉంది. సముద్రం ఎదురుగా నిలబెట్టాం. ఉప్పు గాలి రాత్రీ పగలూ తగులుతుంది. అల్యూమినియంకి అంతకన్నా పెద్ద శత్రువు లేదు. గోవాలో ఆ కాన్‌స్టెలేషన్‌ది కూడా అదే కథ. అందుకే పొట్ట చూడమన్నాను. పైనుంచి కురిసిన నీళ్లు చివరికి చేరేది పొట్టలోకే.

పక్కన ఒడిశా వాళ్లు 2023 జనవరిలో బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ నాటి డకోటాని కోల్‌కతా నుంచి లారీల మీద ముక్కలుగా భువనేశ్వర్ తెచ్చుకున్నారు. అది ప్రభుత్వం చేసిన పని. మనకీ అలాంటి చరిత్ర ఉంది. హైదరాబాద్ బేగంపేట నుంచి నిజాం కాలంలో దక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత విమాన సంస్థ నడిచింది. డకోటాలతో. 1953 జాతీయకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. రేపు ఎవరైనా మాకూ ఒక డకోటా కావాలి అంటే నా సలహా ఒకటే, విమానం కోసం తిరిగేముందు కాగితం కోసం తిరగండి. ఆ సంస్థలో పనిచేసినవాళ్ల మనవలు, మనవరాళ్లు హైదరాబాద్‌లోనో, ఇంకెక్కడో ఉంటారు. వాళ్ల ఇళ్లలో అటక మీద లాగ్‌బుక్కు, టైంటేబుల్, ఒక గ్రూపు ఫోటో ఉండొచ్చు. దానికి హ్యాంగర్ అక్కర్లేదు, అద్దె లేదు. ఇల్లు మారినప్పుడు చెత్తలో వేసేలోగా మనం అడగాలి, అంతే.

డబ్బు చేతికి వస్తే ఏం చేయాలని అడుగుతారు. మొదటి రూపాయి కప్పుకి. రంగుకి కాదు. మన దగ్గర ప్రారంభోత్సవం తేదీ ముందు ఖాయమవుతుంది కాబట్టి రంగు ముందు వేస్తాం. (నవ్వులు) రంగు కింద తడి ఉంటే దాన్ని మనమే లోపల పెట్టి మూసినట్టు. కప్పు వేయలేకపోతే కనీసం నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. ఉప్పు కడుక్కుపోతుంది. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది, ఇంత చదివి చివరికి కడగమని చెప్తున్నాడేంటని. కానీ నౌకాదళంలో ఎగిరే విమానాల్ని కూడా కడుగుతారు. సముద్రం మీద తిరిగొస్తే నీళ్లు కొట్టాల్సిందే.

కుర్రాళ్లు కొందరు ఇందాక అడిగారు, మేం ఇప్పుడేం చేయగలం, మాకు లైసెన్సు లేదు కదా అని. ఒక పని ఉంది. ప్రతి విమానం పొట్ట కింద, రెక్కల కింద, తోక కింద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. పెన్సిల్ పట్టేంత. డ్రెయిన్ హోల్స్. లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి పెట్టినవి. ఎగిరే విమానంలో వాటిని మెయింటెనెన్స్‌లో చూసి శుభ్రం చేస్తుంటారు. నిలబడే విమానంలో దుమ్ము, పక్షి గూళ్ల పుల్లలు, కందిరీగల మట్టి చేరి మూసుకుపోతాయి. అప్పుడు ప్రతి వానకీ లోపల చెరువే. పర్మిషన్ తీసుకుని, టార్చీ, మెత్తటి ప్లాస్టిక్ పుల్ల పట్టుకుని కిందకి దూరండి. ఇనప తీగ వాడకండి, గీత పడితే అక్కడే తుప్పు మొదలవుతుంది. ఒక్కో రంధ్రం తెరుస్తూ ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఎక్కడ నీళ్లు కారాయో, ఆ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో రాయండి. తెల్లటి పొడి కలిసి వస్తే ఫోటో తీసి, తేదీ వేసి, ఆ విమానం బాధ్యత చూసేవాళ్లకి ఇవ్వండి. మూడు వానాకాలాల ఫోటోలు పక్కపక్కన పెడితే ఏ ఇంజనీరైనా కూర్చుని చదువుతాడు.

ఇక మైకు మీకిస్తాను. ముందు ఆ రేకు పని ప్రశ్న అడిగినాయన, ఇంకేదో అడగబోతున్నట్టున్నారు.